ముందు పిండి గిన్నెలోకి చూడమ్మా

వందనాలమ్మా. నీది నా కూతురి వయసు. అందుకే ‘నువ్వు’ అంటున్నాను, ఏమీ అనుకోకు.

నువ్వు అడిగింది ఇది. మీ సంఘంలో స్త్రీల కూటం జరిగినప్పుడల్లా ఒక అక్క సాక్ష్యం చెబుతారు. ఒకసారి కుక్కర్ విజిల్ నుంచి పాఠం, ఒకసారి చీపురు నుంచి, ఇంకోసారి సెల్‌ఫోన్ చార్జింగ్ నుంచి. అందరూ ఆమేన్ అంటారు. నీకేమో పొద్దున లేస్తే వంట, ఇద్దరు పిల్లలు, ఆఫీసు క్యాబ్. సాయంత్రం ఇంటికి రాగానే రెండేళ్ల పాప బ్యాగ్ కూడా దింపనివ్వకుండా కాళ్లకు చుట్టుకుంటుంది. ఇందులో దేవుడు ఏం చెబుతున్నాడో నీకు తోచదు. ‘నా విశ్వాసంలో లోపమా, లేక ఇది నేర్చుకుంటే వచ్చేదా?’ అని అడిగావు. పొద్దున్నే లేచి ప్రార్థన చేసుకోలేకపోతున్నానని కూడా బాధపడ్డావు.

లోపం కాదమ్మా. ప్రకాశం జిల్లాలో 34 ఏళ్లు బడిలో తెలుగు చెప్పాను. అంతకంటే ఎక్కువ కాలం సండే స్కూల్లో పిల్లలకు బైబిలు చెప్పాను. ఈ పాఠాలు చెప్పే పని నేనూ చాలా చేశాను. నాకు తెలిసినంతలో మనం చేసే పొరపాటు ఒకటే. పాఠం కోసం వెతుకుతాం, వస్తువును చూడం. కుక్కర్‌ని ఒక్క క్షణం చూసి వెంటనే ‘శ్రమ’ అనేస్తాం. అక్కడ కుక్కర్‌తో పని అయిపోతుంది. ఆ తర్వాత మాట్లాడేదంతా మనకు ముందే తెలిసిన మాట.

దీనికి నేను ఒక పరీక్ష పెట్టుకున్నాను. ‘లోపల ఒత్తిడి పెరిగితే కుక్కర్ కేక వేస్తుంది, అలాగే మనం శ్రమలో దేవునికి మొర పెట్టాలి’ అని ఒకరు చెప్పవచ్చు. ‘కుక్కర్‌లా కేకలు వేయకూడదు, మౌనంగా ఓర్చుకోవాలి’ అని అదే వస్తువుతో ఇంకొకరు చెప్పవచ్చు. రెండూ వినడానికి బాగుంటాయి, రెండిటికీ ఆమేన్ అంటాం. అంటే అక్కడ పాఠం చెప్పింది కుక్కర్ కాదు, మన తెలివి. ఆ అక్కను తప్పు పట్టడం లేదమ్మా. ఆవిడ మనసు మంచిదే. కానీ నీకు అలా తోచకపోతే నువ్వు పోగొట్టుకున్నది పెద్దగా ఏమీ లేదని చెబుతున్నాను.

మరి బైబిల్లో ఎలా జరిగింది? యిర్మీయా మొదటి అధ్యాయం తియ్యి. దేవుడు ఆయన్ని అడిగిన మొదటి ప్రశ్న ‘నీకు ఏం అర్థమైంది’ అని కాదు. ‘నీకేమి కనబడుచున్నది’ అని. ఆయన బాదము చెట్టు చువ్వ కనబడుతోందన్నాడు. అంతే, ఏ వివరణా చెప్పలేదు. దానికి దేవుడు ‘నీవు బాగుగా కనిపెట్టితివి’ అన్నాడు. మెచ్చుకోలు వచ్చింది చూసినందుకు. అర్థం ఆ తర్వాత దేవుడే చెప్పాడు. హెబ్రీ భాషలో బాదం చెట్టు పేరూ, మెలకువగా కనిపెట్టి ఉండడం అనే మాటా దాదాపు ఒకేలా వినిపిస్తాయి. పైగా ఆ దేశంలో చలి పూర్తిగా పోకముందే అన్నిటికంటే ముందు పూసే చెట్టు బాదం. మిగతా చెట్లు నిద్రలో ఉంటే అది మేలుకొని ఉంటుంది. నా మాట నెరవేర్చడానికి నేనూ అలా మేలుకొని ఉన్నాను అన్నాడు దేవుడు. ఆ చువ్వను వేప కొమ్మ అనుకుని ఉంటే ఆ మాట యిర్మీయాకు అందేదే కాదు. అది ఏ చెట్టో ఆయన సరిగ్గా గుర్తుపట్టాలి.

అదే యిర్మీయాతో 18వ అధ్యాయంలో ‘లేచి కుమ్మరి ఇంటికి వెళ్లు, అక్కడ నా మాటలు తెలియజేస్తాను’ అంటాడు. ఆయన యాజక కుటుంబంలో పుట్టినవాడు, దేవాలయం దగ్గరే ఉంది. అయినా కుమ్మరి ఇంటికే పంపాడు. మోషే సంగతీ అంతే. పొద మండుతోంది గానీ కాలిపోవడం లేదు. ఎందుకో చూద్దామని దారి మళ్లి అటు నడిచాడు. అతను చూడడానికి రావడం దేవుడు చూశాడు, అప్పుడు పేరు పెట్టి పిలిచాడు. సామెతలు 24లో సోమరివాని చేను దాటి వెళ్లినవాడు కూడా ముళ్ల తుప్పలు, పడిపోయిన రాతిగోడ, అన్నీ చూసి, ‘నేను దాని చూచి యోచన చేసికొంటిని, దాని కనిపెట్టి బుద్ధి తెచ్చుకొంటిని’ అంటాడు. ఎవరి కథ తీసుకున్నా చూడడమే ముందు.

ఇక నా వంటింటి సంగతి చెబుతాను. నాకు బాగా తెలిసిన చోటు అదే.

దోసెల పిండి నీకు తెలుసు కదా. ఒక గ్లాసు మినప్పప్పు, మూడు గ్లాసుల బియ్యం, కాసిని మెంతులు. నానబెట్టి, రుబ్బి, ఉప్పు వేసి చేత్తో కలిపి మూత పెడతాం. మా ఒంగోలు ఎండాకాలంలో ఆరేడు గంటలకే పొంగిపోతుంది. మీ హైదరాబాద్‌లో డిసెంబరు చలికి తెల్లారినా కదలదు. పొంగించేది మన చెయ్యి కాదు, మినప్పప్పుతో పాటే వచ్చే కంటికి కనబడని జీవులు. మనం చేయగలిగింది రుబ్బడం, కలపడం, వెచ్చని చోట పెట్టడం. ఇంకొకటి ఉంది. గిన్నె నిండా పోయకూడదు. సగానికి పైన ఖాళీ ఉంచాలి. ఇది మా అమ్మ నాకు పదేళ్లప్పుడే చెప్పింది.

యేసు ప్రభువు చెప్పిన పుల్లని పిండి ఉపమానం మత్తయి 13లో ఉంది. ఒక స్త్రీ మూడు కుంచాల పిండిలో పుల్లని పిండి దాచిపెట్టింది, పిండి అంతా పులిసి పొంగింది. ఒక్క వచనమే. చాలా ఏళ్లు దాన్ని పిల్లలకు ‘సువార్త నెమ్మదిగా వ్యాపిస్తుంది’ అని చెప్పి ముందుకు వెళ్లిపోయేదాన్ని. మూడు కుంచాలంటే ఎంతో తర్వాత తెలిసింది. ఆ కాలపు కొలతలో సుమారు 40 లీటర్లు. వందమందికి రొట్టెలు చేయగలిగినంత పిండి. ఒక ఇంటికి సరిపడే పిండి కాదది, పెళ్లి వంట. అబ్రాహాము ఇంటికి ముగ్గురు అతిథులు వచ్చినప్పుడు శారాను పిసకమన్నదీ ఇదే మూడు కొలతలు. ప్రభువు మాట వింటున్న స్త్రీలకు ఆ లెక్క వెంటనే తెలిసి ఉంటుంది. ఆయనకూ తెలుసు, ఎందుకంటే ఆయన ఒక ఇంట్లో పెరిగాడు, మరియమ్మ పిండి పిసుకుతుంటే చూశాడు.

ఇంకో సంగతి. యూదుల ఇళ్లలో పస్కా పండగకు ముందు పులిసిన పిండి కొంచెం కూడా లేకుండా ఇల్లంతా వెతికి తీసేస్తారు. పరిసయ్యుల బోధ గురించి హెచ్చరించినప్పుడు ప్రభువే దాన్ని ‘పులిసిన పిండి’ అన్నాడు. అలాంటి దానితో పరలోక రాజ్యాన్ని పోల్చాడంటే విన్నవాళ్లు ఉలిక్కిపడి ఉంటారు. ఒకే వస్తువుతో రెండు పాఠాలు చెప్పకూడదన్నట్టు ఇందాక మాట్లాడాను కదా, మరి ఇదేమిటి అని నువ్వు అడగవచ్చు. రెండు చోట్లా పులిసిన పిండి గుణం ఒకటేనమ్మా. కొంచెమే ఉంటుంది, లోపల కనబడకుండా పని చేస్తుంది, మొత్తాన్ని మార్చేస్తుంది. చెడు బోధా అలాగే చేస్తుంది, దేవుని రాజ్యమూ అలాగే చేస్తుంది. ఆయన వస్తువు గుణాన్ని ఎక్కడా మార్చలేదు. కుక్కర్ విషయంలో మనం మార్చేశాం.

సరే, నాకు ఆ వచనం తగిలిన రోజు చెబుతాను. మా అబ్బాయి ఇంజనీరింగ్‌లో చేరాక మందిరానికి వెళ్లడం మానేశాడు. బెంగళూరులో ఉద్యోగం వచ్చాక అసలు ఆ మాటే ఎత్తేవాడు కాదు. నేను ప్రతి ఆదివారం పదకొండింటికి ఫోన్ చేసి ‘వెళ్లావా నాన్నా?’ అని అడిగేదాన్ని. వాట్సాప్‌లో రోజూ వాగ్దానం, ప్రసంగం లింకు, సాక్ష్యం వీడియో. అతను చదివేవాడు కాదు. నాకు టెన్షన్ పెరిగే కొద్దీ ఇంకా పంపేదాన్ని. ఒక మే నెలలో చుట్టాలు వస్తున్నారని ఎక్కువ పిండి రుబ్బి, పెద్ద గిన్నె దొరక్క ఉన్న గిన్నెలోనే అంచుదాకా పోశాను. తెల్లారి చూస్తే మూత పక్కకు జారి, పిండి గట్టు మీద నుంచి కింద గ్యాస్ బండ దాకా కారింది. గుడ్డ తీసుకుని తుడుస్తూ కూర్చున్నాను. అప్పుడు పాఠం గురించిన ఆలోచనే లేదు, ఒళ్లు మండుతోంది. తుడుస్తుంటే అమ్మ మాట గుర్తొచ్చింది, ‘గిన్నెలో చోటు ఉంచవే, అది పెరగాలి కదా’ అని. చేతిలో గుడ్డ అలాగే ఆగిపోయింది. మావాడి జీవితంలో నేను ఎక్కడా చోటు ఉంచలేదు. అంచుదాకా నేనే నింపేశాను.

ఆ వారం నుంచి ఆదివారం ఫోన్ మానేసి బుధవారం చేయడం మొదలుపెట్టాను. ఏం తిన్నాడో, ఆఫీసులో ఏం జరిగిందో అడుగుతాను. ప్రార్థన మాత్రం మానలేదు, రోజూ వాడి పేరు పెట్టి చేస్తాను. వాడు మారిపోయాడని నీకు చెప్పలేను. అప్పుడప్పుడు క్రిస్మస్‌కు మందిరానికి వస్తాడు. కానీ పోయిన ఏడాది వాడే ఒకసారి ఫోన్ చేసి ‘అమ్మా, నువ్వు నా కోసం ఏమని ప్రార్థన చేస్తావు?’ అని అడిగాడు. నాకు అది చాలా పెద్ద సంగతి.

ఇందులో నువ్వు గమనించాల్సింది ఒకటుంది. ఆ పిండి నన్నే మందలించింది. వేరే ఎవరికో చెప్పడానికి పనికొచ్చే పాఠం కాదది, నేను తల వంచాల్సిన పాఠం. మా వీధిలో కుళాయి నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే కాలంలో ఇంకోటి జరిగింది. బిందెల దగ్గర ఆడవాళ్లు గట్టిగా పోట్లాడుకుంటున్నారు. నేను పక్కన నిలబడి, ఆ ఆదివారం చెప్పడానికి బావి దగ్గరి సమరయ స్త్రీ కథ మనసులో అల్లుకుంటున్నాను. ఆమె తన కుండ అక్కడే విడిచిపెట్టి ఊళ్లోకి పరిగెత్తింది, మనం మాత్రం బిందె వదలం, అని చెబుదామనుకున్నాను. అప్పుడు ఒక ముసలమ్మ ‘టీచరమ్మా, నా బిందె మీ దాని వెనకాల ఉండేది కాదు’ అంది. నిజమే. కథ అల్లుకుంటూనే, వరస కదిలినప్పుడు నా బిందెను ఆమె బిందెకు ముందు పెట్టేశాను. ఆ ఆదివారం సమరయ స్త్రీ గురించి చెప్పలేదు. అప్పటి నుంచి ఏ సంగతి తోచినా ముందు అడుగుతాను, ఇది నాకా, ఇంకొకరికా అని. ఇంకొకరికే అయితే పక్కన పెట్టేస్తాను.

కొన్ని పాఠాలు చూసిన వెంటనే రావు. ఏళ్లు పడతాయి. మా అమ్మ అన్నం వండేటప్పుడు ఎసట్లో బియ్యం పోయడానికి ముందు ఒక పిడికెడు తీసి, మూలన ఉన్న చిన్న కుండలో వేసేది. శనివారం సాయంత్రం ఆ బియ్యం మూట కట్టి, ఆదివారం మందిరంలో ఇచ్చేది. పిడికెడు బియ్యం కానుక. మన తెలుగు సంఘాల్లో పాతకాలం ఇళ్లలో పెరిగినవాళ్లకు ఇది తెలిసే ఉంటుంది. మా ప్రాంతపు సంఘాల పుట్టుకే కరువులో జరిగింది. 1876 నుంచి 78 దాకా వచ్చిన పెద్ద కరువులో బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. కూడు కోసం చేరుతున్నారన్న మాట రాకూడదని ఆ పని నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆకలి అంటే ఏమిటో తెలిసిన ఇళ్లు అవి. ఆ ఇళ్ల ఆడవాళ్లు పిడికెడు బియ్యం తీయడమంటే, నేను ఆన్‌లైన్‌లో కానుక పంపడం లాంటిది కాదు.

మా నాన్నకు పని దొరకని రోజుల్లో బియ్యం డబ్బా అడుగు కనబడేది. ఆ రోజు కూడా అమ్మ పిడికిలి అంతే. నేను చూసి, ‘ఇవాళ కొంచెం తక్కువ తియ్యి, ఎవరు చూస్తారు’ అన్నాను. ఆమె తల ఎత్తకుండానే ‘పిడికిలి చిన్నది చేస్తే కుండలో అన్నం పెరగదు కదే’ అంది. అప్పుడు నాకేమీ అర్థం కాలేదు, ఆకలేసి అలిగాను. 23 ఏళ్ల వయసులో మొదటి జీతం చేతికొచ్చినప్పుడు ఖర్చులన్నీ రాసుకుని, చివర మిగిలిన దానిలో కానుక ఎంత అని లెక్క వేస్తున్నాను. అప్పుడు ఆ చెయ్యి కనబడింది. ఆమె ఎప్పుడూ మిగిలినదాంట్లోంచి తీయలేదు. ఎసట్లో పోయకముందే తీసింది. కాగితం చించి మళ్లీ పైనుంచి రాశాను. చూసినదానికీ అర్థమైనదానికీ మధ్య పదమూడేళ్లు గడిచాయి. ఎమ్మాయు దారిలో నడిచిన ఇద్దరు శిష్యులకూ అంతే కదా. దారి పొడవునా ప్రభువు పక్కనే నడిచినా పోల్చుకోలేదు. రొట్టె విరిచినప్పుడు పోల్చుకున్నారు. ఆయన మాయమయ్యాక, దారిలో మాట్లాడుతున్నప్పుడే మన హృదయం మండింది కదా అనుకున్నారు. అందుకే ఇవాళ ఏమీ తోచలేదని దిగులుపడకు. ఇవాళ చూసింది ఇంకెప్పుడో విప్పుకుంటుంది. చూసి ఉండడమే కావాలి.

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట. అన్నిట్లోనూ పాఠం ఉందనుకోవడం ప్రమాదం, ముఖ్యంగా ఇంకొకరి బాధలో. చాలా ఏళ్ల క్రితం మా సంఘంలో ఒక తల్లికి నాలుగేళ్ల బిడ్డ జ్వరంతో చనిపోయాడు. నేను వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుని, ‘దేవుడు తన తోటలో అందమైన పువ్వునే ముందు కోసుకుంటాడమ్మా’ అన్నాను. ఎవరో చెప్పగా విన్న మాట, అప్పుడు చాలా బాగుందనిపించింది. ఆమె నా వైపు చూసి మెల్లగా ‘ఆయనకు పూలు తక్కువయ్యాయా టీచర్ గారూ?’ అంది. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. ఆ తర్వాత ఆమె ఏడాదిపాటు మందిరానికి రాలేదు. ఆమెకు క్షమాపణ చెప్పుకోవడానికి నాకు ఇంకా ఎక్కువ కాలం పట్టింది.

యోబు స్నేహితులు వచ్చి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఏమీ మాట్లాడకుండా అతనితో నేల మీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదే. నోరు తెరిచి అతని కష్టానికి అర్థం చెప్పడం మొదలుపెట్టాక అంతా పాడైంది. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయిన సంగతి ప్రభువే ఎత్తి, వాళ్లు మిగతావాళ్లకంటే పాపులని అనుకోవద్దని గట్టిగా చెప్పాడు, వింటున్నవాళ్లనే మారుమనస్సు పొందమన్నాడు. మా తీర ప్రాంతంలో తుఫాను వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు దానికి అర్థం చెబుతారు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెనలో వేలమంది పోయినప్పుడూ అలాంటి మాటలు విన్నాను. ఆ రోజుల్లో నాకు మేలు చేసినవాళ్లు అర్థం చెప్పినవాళ్లు కాదు, బట్టలు, బియ్యం మూటలు కట్టి బస్సెక్కినవాళ్లు. నీ సొంత బాధలో దేవుడు నీకేదైనా చూపిస్తే అది నీదీ ఆయనదీ. ఇంకొకరి బాధను పాఠ్యపుస్తకం చేయకు.

మరి రోజూ ఏం చేయాలి అంటావు. పెద్ద పద్ధతేమీ లేదు. నేను చేసేది చెబుతాను, నీకు కుదిరితే చెయ్యి. పొద్దున నాలుగు వచనాలు చదువుతాను, అధ్యాయం కాదు. సువార్తల్లోంచి అయితే ఇంకా మంచిది. రాత్రి పడుకునే ముందు చిన్న నోట్‌బుక్‌లో ఆ రోజు చూసిన ఒక సంగతి ఒక్క వాక్యంలో రాస్తాను. పాఠం రాయను, చూసింది మాత్రమే. ‘పాలబ్బాయి ఇవాళ కొత్త చెప్పులు వేసుకున్నాడు.’ ‘కరివేపాకు మొక్కకు ఎండిన కొమ్మ పక్కనే చిగురు వచ్చింది.’ ఇలాంటివి. నెలకు ముప్పై వాక్యాలు వస్తాయి. ఏ ఒకటో రెండో, పొద్దున చదివిన వచనంతో వాటంతట అవే కలుస్తాయి. మిగతావి కలవవు, కలపకూడదు కూడా. 16వ శతాబ్దంలో ఇగ్నేషియస్ లొయోలా తనవాళ్లకు రోజుకు రెండుసార్లు గడిచిన గంటల్ని దేవుని ముందు నెమరువేసుకోవడం నేర్పాడు. క్యాథలిక్ మఠాల్లో అది ఇప్పటికీ ఉంది. మేం బాప్టిస్టులం, అయినా ఆ అలవాటు మంచిదని నాకు అనిపించింది.

ఇంకొకాయన సంగతి నీకు నచ్చుతుంది. 17వ శతాబ్దంలో పారిస్‌లోని ఒక మఠంలో సహోదరుడు లారెన్స్ అని ఉండేవాడు. అంతకు ముందు సైనికుడు. మఠంలో ఆయన పని ప్రార్థనలు నడిపించడం కాదు, వంటింటి చాకిరీ. గిన్నెల చప్పుడు మధ్యలో, అందరూ ఒకేసారి అది కావాలి ఇది కావాలి అని అడుగుతుంటే కూడా దేవునితో ఉన్నట్టే ఉండేవాడు. దానికి మొదలు ఏమిటో తెలుసా? పద్దెనిమిదేళ్లప్పుడు చలికాలంలో ఆకులన్నీ రాలిపోయిన ఒక చెట్టును చూశాడు. కొన్నాళ్లకు దీనికి ఆకులు వస్తాయి, పూలు వస్తాయి, కాయలు వస్తాయి అనుకున్నాడు. అంతే. ఎండిన చెట్టును మనమూ వందసార్లు చూసి ఉంటాం. ఆయన ఒక్కసారి నిలబడి చూశాడు, అది జీవితమంతా సరిపోయింది.

మన తెలుగు బైబిలు ఈ విషయంలో మనకు చాలా సాయం చేస్తుంది. దాన్ని తర్జుమా చేసినవాళ్లు వంటింటి మాటలూ కళ్లం మాటలూ వాడారు. బాప్తిస్మమిచ్చు యోహాను ‘ఆయన చేట ఆయన చేతిలో ఉన్నది’ అంటాడు కదా. ఆ దేశంలో వాడింది చేట కాదు, ధాన్యాన్ని గాలిలోకి ఎగరేసే పళ్లకర్ర లాంటిది. మనవాళ్లు చేట అని రాశారు. చేటతో చెరిగిన చేతులకు ఆ వచనం వెంటనే అర్థమైపోతుంది. పొట్టు తేలిపోవాలంటే చేటను కొంచెం ముందుకు వంచి, మణికట్టుతో తట్టాలి. గింజ పైకి ఎగురుతుంది, భయపడుతుంది అనుకో, కానీ మళ్లీ చేటలోకే పడుతుంది. చెరిగేవాళ్లకు గింజ మీద కోపం ఉండదు. ఇది నేను సండే స్కూల్లో నిజం చేట, బియ్యం తెచ్చి పిల్లల చేత చెరిగించి చూపించేదాన్ని. సగం బియ్యం నేల మీదే పోసేవారు. కానీ ఆ పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లయి కూడా ఆ వచనం మరచిపోలేదు. ‘అడవిపువ్వులు ఏలాగు నెదుగుచున్నవో ఆలోచించుడి’ అన్నచోట గ్రీకులో ఉన్న మాటకు బాగా పరిశీలించి నేర్చుకోవడం అని అర్థం. ఊరికే చూసి అబ్బ ఎంత బాగుందో అనడం కాదు. ఎలా ఎదుగుతుందో చూడమన్నాడు.

నీ పిల్లలకు కూడా పాఠాలు చెప్పకమ్మా, అడుగు. ద్వితీయోపదేశకాండం 6లో ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు మాట్లాడాలని ఉంది. స్కూల్ బస్సు కోసం నిలబడ్డ అయిదు నిమిషాల్లో ‘ఇవాళ నీకేం కనబడింది?’ అని అడుగు. దేవుడు యిర్మీయాను అడిగిన ప్రశ్నే కదా. వాళ్లు చీమ అంటారు, కుక్కపిల్ల అంటారు. బాగా చూశావు అని చెప్పు. అక్కడ ఆపెయ్యి.

పొద్దున ప్రార్థన సంగతి కూడా చెప్పి ముగిస్తాను. రోజువారీ పనుల్లో దేవుణ్ణి గుర్తుచేసుకోవడం ప్రార్థనకు బదులు కాదు. ప్రభువే చీకటి ఉండగానే లేచి ఏకాంతంగా వెళ్లి ప్రార్థించాడు. కానీ ఆయన తన మందను ఎలా నడిపిస్తాడో యెషయా 40లో రాసి ఉంది. గొర్రెపిల్లలను రొమ్మున ఆనించుకుని మోస్తాడు, ‘పాలిచ్చువాటిని ఆయన మెల్లగా నడిపించును’. రెండేళ్ల పాప ఉన్న తల్లి మిగతా మందతో సమానంగా పరిగెత్తాలని ఆయన అడగడు. పాప పెద్దదవుతుంది, నీ పొద్దులు నీకు తిరిగి వస్తాయి. అప్పటిదాకా, క్యాబ్‌లో కళ్లు మూసుకుని ‘మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము’ అన్నంత దూరం చెప్పగలిగినా చెప్పు.

నీ ఉత్తరంలో ఒక సంగతి నువ్వే రాసి, దాన్ని సమస్యగా లెక్కేసి వదిలేశావు. సాయంత్రం తాళం తీసిన చప్పుడు వినబడగానే పాప పరిగెత్తుకొచ్చి, బ్యాగ్ దింపనివ్వకుండా కాళ్లకు చుట్టుకుంటుంది అన్నావు. ఇవాళ సాయంత్రం బ్యాగ్ భుజం మీదే ఉండనీ, ఒక్క నిమిషం అలాగే నిలబడి పాపను చూడు. ఎలా పట్టుకుంటుంది, ముఖం ఎక్కడ దాచుకుంటుంది, ఎప్పుడు వదులుతుంది, ఏం అడుగుతుంది, అసలు ఏమైనా అడుగుతుందా. ఏ వచనమూ గుర్తుచేసుకోకు. రాత్రికి ఒక్క వాక్యం రాసిపెట్టు. వీలైతే నాకూ ఆ ఒక్క వాక్యం రాయి తల్లీ, చదవాలని ఉంది.